నాపరాతి గనుల ఊరు తన చరిత్రను కాపాడుకోవడం ఎలా? గ్రామ చరిత్ర సంఘాలకు సమగ్ర మార్గదర్శి

ఇంటి గచ్చు నాపరాయి, గోడ నాపరాయి, కప్పు నాపరాయి, దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె కూడా నాపరాయే. ఇలాంటి ఊళ్ళు తెలుగు నేలపై రెండు చోట్ల దట్టంగా ఉన్నాయి. ఒకటి రాయలసీమలో బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు పరిసరాలు. రెండోది వికారాబాద్ జిల్లాలో తాండూరు ప్రాంతం. దేశమంతటా కడప బండ, తాండూరు బండ అనే పేర్లతో పరుచుకున్న రాయి ఈ ఊళ్ళదే. ఆ రాయిని గడ్డపారతో, ఉలితో, సుత్తితో పొరలు పొరలుగా లేపిన మనుషుల పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు. కోత యంత్రాలు వచ్చాక చేతిపని తగ్గింది, అది తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు.

చరిత్ర సంఘం పెట్టాలనుకునే ఊళ్ళు సాధారణంగా మ్యూజియం గది కట్టడంతో మొదలుపెడతాయి. గది పూర్తయ్యేసరికి డబ్బు, ఉత్సాహం రెండూ అయిపోతాయి. లోపల పెట్టడానికి నాలుగు తుప్పు పట్టిన గునపాలు తప్ప ఏమీ ఉండదు. వరుస తిరగేయండి. ముందు మనుషుల మాట, తర్వాత రాయి తవ్విన గని గుంతలు, ఆ తర్వాత కాగితాలు, పనిముట్లు, చివర గది. ఏది ముందు పోతుందో దాన్నే ముందు పట్టుకోవాలి. రాయి ఇంకో వందేళ్ళు ఉంటుంది, దాన్ని లేపిన మనిషి ఉండడు.

సంఘాన్ని నిలబెట్టడం

రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే సంఘం నమోదవుతుంది. కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నియమావళి, సభ్యుల గుర్తింపు పత్రాలు, కార్యాలయ చిరునామా రుజువు పట్టుకొని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్ళాలి. నమోదైన వెంటనే సంఘం పేరున పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తీసుకోండి.

ఆ ఏడుగురు ఎవరన్నదే అసలు విషయం. గని లీజుదారులు, పాలిష్ ఫ్యాక్టరీల యజమానులు మాత్రమే ఉంటే కూలీలు నోరు విప్పరు. గనిలో పనిచేసినవాళ్ళు కనీసం ఇద్దరు ఉండాలి. అందులో ఒకరు స్త్రీ అయితే మంచిది. తరతరాలుగా రాతిపని చేసిన వడ్డెర కుటుంబాల నుంచి ఒకరు, ఊరి కమ్మరి ఇంటి నుంచి ఒకరు, బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఒకరు, కంప్యూటరు బాగా వచ్చిన యువకులు ఒకరిద్దరు ఉంటే పని సాగుతుంది.

నియమావళిలో రెండు వాక్యాలు తప్పక రాయించండి. సేకరించిన వస్తువును సంఘం అమ్మకూడదు, ఎవరికీ బహుమతిగా ఇవ్వకూడదు అన్నది మొదటిది. సంఘం మూతపడితే సేకరణ మొత్తం ఏ సంస్థకు చేరాలో పేరుతో సహా చెప్పేది రెండోది. రెండో వాక్యం లేనిచోట చివరి కార్యదర్శి ఇంటి అటకే మ్యూజియం అవుతుంది.

మొదటి పని: మాటలు రికార్డు చేయడం

ఊళ్ళో గనిపని చేసిన 60 ఏళ్ళు దాటినవాళ్ళ జాబితా రాయండి. వయసు, ఆరోగ్యం, చేసిన పని పక్కపక్కనే వేయండి. మొదటి వరసలో పెద్ద వయసువాళ్ళను, ఆరోగ్యం బాగాలేనివాళ్ళను పెట్టుకోండి. పేరున్న మేస్త్రీ దగ్గరికే ముందు పోవాలన్న తొందర వద్దు. ఆయన మాట అందరికీ తెలిసినదే. బండ మోసిన అవ్వ మాట ఎవరికీ తెలియదు.

మంచి ఫోను ఉంటే వీడియోకు సరిపోతుంది. గొంతుకు మాత్రం కాలరుకు తగిలించే మైకు కావాలి. నోటికి జానెడు దూరంలో పెట్టండి. ధ్వనిని డబ్ల్యూఏవీ (ధ్వనిని కుదించకుండా దాచే ఫైలు) రూపంలో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వద్ద తీసుకోండి. మొదలుపెట్టే ముందు సీలింగు ఫ్యాను ఆపించండి. చెడిపోయిన రికార్డింగుల్లో ఎక్కువ భాగం ఫ్యాను గాలికే చెడిపోతాయి, ఆ రొద తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోదు. ఎండాకాలం అయితే తెల్లవారి ఏడింటికే కూర్చోండి. ఒక్కో విడత గంటన్నర దాటనివ్వకండి.

ఒకరినే కూర్చోబెట్టి అడగాలి. గుంపుగా కూర్చుంటే గట్టిగా మాట్లాడేవాళ్ళ మాటే మిగులుతుంది. స్త్రీలను అడగడానికి స్త్రీలే వెళ్ళాలి. భర్త, కొడుకు పక్కన లేని సమయం చూసుకోవాలి.

ఏం అడగాలి? "మీ అనుభవాలు చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. పని జరిగే వరుసలోనే అడగండి. కింద బండ ఉందని ఎలా తెలిసేది? పైమట్టి ఎన్ని అడుగులు తీసేవాళ్ళు, ఆ మట్టి ఎక్కడ పోశారు? మొదట వచ్చే పొర ఎందుకు పనికిరాదు? సందులో ఉలి ఎక్కడ దించాలో ఎలా తెలుస్తుంది? గడ్డపారలు ఎంతమంది, ఎటువైపు నుంచి వేసేవాళ్ళు? లేపేటప్పుడు కేక ఏమని వేసేవాళ్ళు? విరిగిన బండకు కూలి ఇచ్చేవాళ్ళా? కొలత అడుగుల్లోనా, చదరాల్లోనా? లారీ ఎక్కించేది ఎవరు?

మాటల్లో చెప్పలేనిది చేతులు చెబుతాయి. అందుకే రెండో విడత గుంత దగ్గరో, రాళ్ళ కుప్ప దగ్గరో పెట్టండి. పెద్దాయన చేతికి సుత్తి, ముందు ఒక బండ ఇవ్వండి. రెండు కెమెరాలుంటే ఒకటి ముఖానికి, రెండోది భుజం మీదుగా చేతులకు పెట్టాలి. ఒకటే ఉంటే చేతులకే పెట్టండి. బండను సుత్తితో తట్టి మంచిదో కాదో చెప్పే చోటు దగ్గర ప్రత్యేకంగా ఆగండి. పగులు లేని బండ ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దు శబ్దం వస్తుంది. మంచి బండ, పగిలిన బండ పక్కపక్కన పెట్టి ఐదేసి దెబ్బలు కొట్టించి, మైకును అడుగు దూరంలో ఉంచి రికార్డు చేయండి. పుస్తకంలో ఎంత రాసినా దొరకనిది ఆ పది దెబ్బల్లో దొరుకుతుంది.

కూలి ఎంత అని నేరుగా అడిగితే తప్పు అంకెలు వస్తాయి, ఎందుకంటే ఏడాది గుర్తుండదు. దాన్ని అందరికీ తెలిసిన సంఘటనకు కట్టండి. ఎమర్జెన్సీకి ముందా, తర్వాతా? 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు రోజుకు ఎంత? తాండూరు వైపు బాగా పెద్దవాళ్ళకు, వాళ్ళ తల్లిదండ్రుల మాట విన్నవాళ్ళకు 1948 పోలీసు చర్య అలాంటి గుర్తు. వచ్చిన అంకెను మరో ఇద్దరి మాటతో పోల్చి చూశాకే రాసుకోండి.

అడ్వాన్సు తీసుకొని ఏళ్ళ తరబడి తీర్చలేకపోవడం, కంటిలో రాతి ముక్క పడటం, నలిగిన వేళ్ళు, నడుము నొప్పి, గుంతలో పోయిన ప్రాణాలు కూడా చరిత్రే. వాటిని వదిలేసి గొప్పలే రాస్తే ఆ ఊరి సగం మనుషులకు అన్యాయం జరిగినట్టే. అయితే బతికి ఉన్నవాళ్ళ పేర్లు, అప్పులు, జబ్బులు బయటపెట్టే హక్కు మనకు లేదు. తెలుగులో ఒక పేజీ సమ్మతి పత్రం తయారుచేసి చదివి వినిపించండి. అందులో నాలుగు గళ్ళు ఉండాలి: అందరికీ వినిపించవచ్చు, పేరు లేకుండా వినిపించవచ్చు, నా తర్వాతే వినిపించాలి, ఫలానా భాగం ఎవరికీ వద్దు. సంతకం రానివాళ్ళ సమ్మతిని రికార్డింగులోనే మాటగా తీసుకోండి.

గంట మాటను రాతలో పెట్టడానికి అలవాటైనవాళ్ళకే ఐదారు గంటలు పడుతుంది. సీమ మాటను సీమ మాటగానే, తాండూరు మాటను అలాగే రాయండి. పనిముట్టు పేరు, పొర పేరు, కేక, సామెత, తిట్టు ఏది వచ్చినా పక్కన ఒక పదకోశం నోటుబుక్కులో ఎక్కించండి. ప్రతి పదానికీ చెప్పిన మనిషి, ఊరు, చిన్న బొమ్మ ఉండాలి. పక్క ఊళ్ళో అదే వస్తువుకు వేరే పేరుంటే రెండూ రాయాలి. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అని తీర్పు చెప్పకండి.

రెండో పని: గుంతల లెక్క

ఊరి పరిధిలోని ప్రతి గుంతకూ ఒక సంఖ్య ఇవ్వండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తిరగడం మేలు. వానాకాలంలో కంప, నీళ్ళు, పాములు ఉంటాయి. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. నాపరాతి పొరల మధ్య పలచని బంకమట్టి ఉంటుంది. అది తడిస్తే జారుడు బల్ల అవుతుంది. పొరలు గుంతవైపు వాలి ఉన్నచోట పైనున్న బండలు ఏ హెచ్చరికా లేకుండా జారిపడతాయి.

కాబట్టి కొన్ని నియమాలు. ముగ్గురికి తక్కువ కాకుండా వెళ్ళండి, ఒకరు పైనే ఉండాలి. అంచుకు మూడు మీటర్ల లోపు నిలబడకండి, అంచు కింద ఖాళీ ఉందో లేదో పైనుంచి తెలియదు. గోడ ఎంత ఎత్తుంటే కింద అంత దూరం జరిగి నిలబడండి. హెల్మెట్, గట్టి బూట్లు తప్పనిసరి. వైర్లు వేలాడే చిన్న గొట్టాలు, కాగితం చుట్టిన కడ్డీలు కనబడితే అవి పేలని మందుగుండు కావచ్చు. ముట్టుకోకుండా, ఆ చోటు గుర్తు పెట్టుకొని వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. నీళ్ళు నిండిన గుంతలో ఎవరూ దిగకూడదు. నిట్టనిలువు గోడలు ఉంటాయి కాబట్టి ఈత వచ్చినవాళ్ళకు కూడా పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. నడుస్తున్న గనిలోకి మేనేజరు అనుమతి లేకుండా అడుగు పెట్టకండి, అక్కడ గని భద్రతా చట్టాలు వర్తిస్తాయి.

ప్రతి గుంతకూ ఒక పేజీ పెట్టండి. ఊళ్ళో పిలిచే పేరు, సర్వే నంబరు, పట్టా భూమా ప్రభుత్వ భూమా, జీపీఎస్ అంకెలు, పొడవు, వెడల్పు, సుమారు లోతు, నీళ్ళు, ఎవరు పని చేశారు, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది. ఫోను జీపీఎస్ మామూలుగా ఐదు మీటర్ల వరకు తేడా చూపిస్తుంది. అందుకని నాలుగు మూలల దగ్గరా తీసుకోండి. ఫొటోలో ప్రతిసారీ ఒక కొలకర్ర ఉండాలి. రెండు మీటర్ల కర్రకు 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఎరుపు, తెలుపు పట్టీలు వేస్తే చాలు. కొలకర్ర లేని ఫొటో అందంగా ఉంటుంది, పనికి రాదు.

అందుబాటులో ఉన్న ఒకటి రెండు గుంతల్లో గోడను పొరపొరగా నమోదు చేయండి. పైనుంచి కిందికి ఎర్రమట్టి ఎంత, పగుళ్ళ రాయి ఎంత, తర్వాత ఒక్కో పొర మందం, రంగు, ఆ పొరను దేనికి వాడేవాళ్ళు అన్నది వరుసగా రాయండి. గోడ ఛాతీ ఎత్తు మించని చోటే టేపుతో కొలవండి. ఆ పైన కొలకర్ర పెట్టి తీసిన ఫొటో మీద లెక్కించండి. ఈ పొరల జాబితా పక్కన ఒక పాత పనివాడిని కూర్చోబెడితే ఏ పొర గచ్చుకు, ఏది కప్పుకు, ఏది కంచెకు అని వేలుతో చూపిస్తాడు.

డ్రోను ఎగరేయాలంటే 2021 డ్రోను నియమాలు చూసుకోండి. డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు) పటంలో మీ ఊరు ఏ రంగు మండలంలో ఉందో ముందే తెలుసుకోవాలి.

రాతి మీద రాసి ఉన్నది చదవడం

పారేసిన ముక్కల గుట్టను చెత్త అనుకొని చదును చేయనివ్వకండి. గని వయసు గురించి ఎక్కువ చెప్పేది అదే. ఒక ముక్క తీసి అంచు చూడండి. చేతి సుత్తితో సరిచేసిన అంచు మీద గవ్వ ఆకారంలో, ఒకదానికొకటి సమానం కాని నొక్కులు వరుసగా కనిపిస్తాయి. కోత యంత్రం అంచు నున్నగా ఉంటుంది. దాని మీద చక్రం తిరిగిన సన్నటి వంపు గీతలు ఉంటాయి. గోడ మీద సగానికి చీలిన గొట్టంలాంటి గాడులుంటే అక్కడ డ్రిల్లు పెట్టారన్నమాట. గుట్టలో అడుగున చేతి అంచులు, పైన యంత్రపు అంచులు ఉంటే ఏది ముందో ఏది తర్వాతో తెలిసింది. అంతవరకే రాయండి. దాన్ని బట్టి సంవత్సరం ఊహించకండి.

పనిముట్టు గుర్తులు నడిమధ్యాహ్నం ఎండలో కనబడవు. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వాలు వెలుతురులో ఫొటో తీస్తే ప్రతి దెబ్బా నీడతో లేస్తుంది. గోడ నీడలో ఉంటే టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి.

బండ మీద నల్లటి ఫెర్న్ ఆకుల్లాంటి ముద్రలు తరచూ కనిపిస్తాయి. వాటికి "లక్షల ఏళ్ళనాటి చెట్టు శిలాజం" అని బోర్డు పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. అవి పగుళ్ళలోకి దిగిన నీటిలోని మాంగనీసు, ఇనుము లవణాలు పేరుకొని గీసిన కొమ్మలు. నాపరాయి ఒక రకం సున్నపురాయి, అది ఏర్పడిననాటికి నేల మీద చెట్లే లేవు. అలలు గీసినట్టుండే ముడతలు మాత్రం నిజంగానే ఒకప్పటి సముద్రపు అడుగువి. అవి ఉన్న బండలు దొరికితే జాగ్రత్తగా పెట్టండి.

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు కూడా సున్నపురాయిని నీరు తొలచి చేసినవే. గనిలో గోడ వెనక ఖాళీ బయటపడితే పూడ్చేయకుండా పురావస్తు శాఖకు, భూవైజ్ఞానిక సర్వే సంస్థకు రాయండి. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో తవ్వకాలు చేయించినప్పుడు పాతకాలపు జంతువుల ఎముకలు దొరికాయి. అలాంటి నేల ఇది.

కాగితాల వేట

తహసీల్దారు కార్యాలయంలో గ్రామ పటం, క్షేత్ర కొలతల పుస్తకం, పాత అడంగళ్ళు (ఏటా ఏ పొలంలో ఏముందో రాసిన లెక్కలు) ఉంటాయి. తెలంగాణలో అయితే పహాణీలు (అడంగళ్ళలాంటివే), సేత్వార్ (భూమి సర్వే రిజిస్టరు). వీటిలో ఒక సర్వే నంబరు సాగు నుంచి "రాళ్ళ గుంత"గా ఏ ఏడు మారిందో కనిపిస్తుంది. ఆ ఏడు ఫసలీల్లో (రెవెన్యూ లెక్కల పాత సంవత్సరాల్లో) ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. మద్రాసు ప్రాంతపు ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ వరకు. నిజాం రాష్ట్రపు ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది. ఈ తేడా మరిస్తే సంవత్సరం అటూ ఇటూ అవుతుంది.

పాలన ఎవరిదో ముందే తేల్చుకోండి. కర్నూలు 1839లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది, కడప 1800 నుంచే దత్తమండలం (నిజాం కంపెనీకి ఇచ్చేసిన ప్రాంతం). బనగానపల్లె 1948 వరకు విడి సంస్థానం. కాబట్టి పక్కపక్క ఊళ్ళ కాగితాలు వేర్వేరు చోట్ల ఉండొచ్చు. తాండూరు వైపు పాత దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఊళ్ళో ఉంటే వాళ్ళను ఈ పనికి ఇప్పుడే పిలవండి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు దస్త్రాలు ఉన్నాయి. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరల మీద భూవైజ్ఞానిక సర్వే తరఫున ఇచ్చిన నివేదిక సీమ ఊళ్ళకు మంచి ప్రారంభం.

సికింద్రాబాదు–వాడి రైలుమార్గం 1874లో తాండూరు మీదుగా తెరుచుకుంది. బేతంచెర్ల నంద్యాల–గుంతకల్లు మార్గంలో ఉంది. బరువైన రాయి దూరం పోవాలంటే బండి కావాలి. అందుకే స్టేషను గూడ్సు షెడ్డు, పాత సైడింగు, హమాలీల జ్ఞాపకాలు కూడా గని చరిత్రలో భాగమే.

నాపరాయి చిన్నతరహా ఖనిజాల కింద వస్తుంది. లీజుల వివరాలు గనులు, భూగర్భ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో ఉంటాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. "మా ఊరి గనుల సమాచారం అంతా ఇవ్వండి" అంటే తిరిగి వస్తుంది. సర్వే నంబర్లు, సంవత్సరాలు, ఏ కాగితం నకలు కావాలో పేర్కొనండి.

ఇళ్ళలో దొరికే రాయల్టీ పర్మిట్లు, కూలి చిట్టాలు, లారీ బిల్లులు, పెళ్ళి ఫొటోలు అక్కడే స్కాన్ చేసి అసలు తిరిగి ఇచ్చేయడం మేలు. కాగితానికి 400 డీపీఐ, చిన్న ఫొటోకు 600. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, పేర్లు, తేదీలు అక్కడే ఉంటాయి. లామినేషన్ చేయించకండి. వేడికి సిరా మారుతుంది, ఆ పొర మళ్ళీ ఊడదు. సెలోటేపు జిగురు పదేళ్ళకు పసుపు మరకగా మిగిలి కాగితాన్ని తినేస్తుంది.

ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంచండి. ఊరి కోడ్, గుంత సంఖ్య, తర్వాత సంవత్సరం, నెల, రోజు. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్ళో. వాట్సాప్‌లో పంపిన ఫొటోను మూలప్రతిగా దాచకండి, అది పంపేటప్పుడే సగం వివరం పోగొట్టుకుంటుంది.

పనిముట్లు తీసుకోవడం, ఉంచడం

బౌండు రిజిస్టరు ఒకటి కొనండి. వస్తువు వచ్చిన రోజే సిరాతో ఎక్కించండి. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇవ్వండి: 2026.4.2 అంటే ఆ ఏడాది నాలుగో దాత ఇచ్చిన రెండో వస్తువు. ఇచ్చినవాళ్ళ పేరు, ఎవరు వాడారు, ఏ గుంతలో, దేనికి, కొలతలు, స్థితి రాయాలి. దాత సంతకంతో దానపత్రం తీసుకోండి. "ప్రస్తుతానికి ఉంచుకోండి" అని ఇచ్చేది తీసుకోకండి, పదేళ్ళ తర్వాత మనవళ్ళతో తగాదా అవుతుంది.

ఒకే రకం సమ్మెటలు ఇరవై అక్కర్లేదు. ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగినది, ఒకటి విరిగి అతుకు వేసినది తీసుకుంటే వస్తువు జీవితమంతా కనిపిస్తుంది. అరిగిన ఉలి విలువైనది. ఆ పొట్టితనం వెనక కమ్మరి ఉన్నాడు. ఉలి మొనను ఎంత ఎరుపు దాకా కాల్చి, ఎప్పుడు నీళ్ళలో ముంచి పదును పట్టించేవాడో అది తెలిసిన కమ్మరి దగ్గర వీడియో తీయండి. పదును ఎక్కువైతే మొన పెళుసై విరుగుతుంది, తక్కువైతే రాతి మీద వంగిపోతుంది. ఆ మధ్య రంగును గుర్తుపట్టే కన్ను కమ్మరిది.

ఇనుము మీది దుమ్మును పొడి కుంచెతో తీయండి. గరుకు కాగితంతో రుద్దితే వాడకపు గుర్తులు పోతాయి. నల్ల పెయింటు వేయకండి. కొబ్బరినూనె, ఇంజను ఆయిలు దుమ్మును పట్టి ముద్ద కడతాయి. పూర్తిగా ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని బట్టతో పలచగా పట్టించి తుడిస్తే చాలు. వేప కర్ర పిడిలోంచి సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టు. ప్లాస్టిక్ కవరులో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు ఆగి కవరు విప్పండి, లేకపోతే తేమ పట్టి ఇనుము తుప్పు పడుతుంది. ఏదీ నేల మీద పెట్టకండి, చెదలు వస్తాయి.

శాసనం ఉన్న రాయి, విగ్రహం, పాత నాణేలు దొరికితే మాత్రం మీ గదికి తేకండి. వందేళ్ళు దాటినవి 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. భూమిలో దొరికిన నిధి సంగతి 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఉన్నచోటే ఫొటో తీసి సమాచారం ఇవ్వండి. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కూడా చూసుకోవాలి.

బండలను కదిపేటప్పుడు, కడిగేటప్పుడు, అతికేటప్పుడు

అంగుళం మందం నాపరాయి చదరపు అడుగుకు సుమారు ఆరు కిలోల బరువు ఉంటుంది. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉంటే వంద కిలోలు దాటుతుంది. పరుపులా పడుకోబెట్టి మోస్తే మధ్యలో వంగి తన బరువుకే విరుగుతుంది. ఎప్పుడూ అంచు మీద నిలబెట్టే మోయాలి. గోడకు కొద్ది వాలుగా ఆనించి, కింద రెండు చెక్కలు, మధ్యలో గోనెపట్టా పెట్టి నిల్వ చేయాలి.

యాసిడ్ పోసి కడగకండి. బాత్రూం శుభ్రం చేసే యాసిడ్ పడగానే నాపరాయి నురగ కక్కుతుంది. అది మురికి పోతున్న నురగ కాదు, రాయి కరిగిపోతున్న నురగ. ఉలి గుర్తులు, చెక్కిన పేర్లు, అలల ముడతలు నిమిషాల్లో చెరిగిపోతాయి. మంచినీళ్ళు, మెత్తటి నైలాన్ కుంచె, అవసరమైతే కొద్దిగా తేలికపాటి సబ్బు. ఇనుప తీగ కుంచె వద్దు. పాచి, మచ్చల్ని అలాగే వదిలేయండి.

పాత నాపరాతి గోడ సందులకు సిమెంటు పూయడం రెండో పెద్ద పొరపాటు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. ఆ తేమ రాతి అంచుల్లోంచి దారి వెతుక్కొని పొరలు ఊడదీస్తుంది. ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపిన ముద్దతో సందులు నింపి, తడి గోనెలతో కనీసం వారం రోజులు చల్లగా ఉంచండి. పాత బండల మిద్దె కారుతుంటే చాలామంది పైన రెండంగుళాల కాంక్రీటు వేస్తారు. దాంతో చదరపు మీటరుకు 120 కిలోల బరువు దూలాల మీద అదనంగా పడుతుంది. ముందు పైనున్న చౌడు మట్టి ఎక్కడ కొట్టుకుపోయిందో, నీరు పోయే తూము మూసుకుందేమో చూడండి. కారడానికి మామూలుగా కారణం అక్కడే ఉంటుంది. ఊళ్ళో బాగున్న ఇళ్ళు ఐదారు ఎంచుకొని, దూలం నుంచి పైకప్పు దాకా ఒక్కో పొరనూ అడ్డకోత బొమ్మగా గీయండి. వాటిని పడగొట్టకముందే ఇది జరగాలి.

ఒక గుంతను నిలబెట్టడం, తర్వాత గది

అన్ని గుంతలనూ కాపాడలేం. ఉలి గుర్తులు స్పష్టంగా ఉన్న గోడ పది మీటర్లు చాలు. పొరలు గుంత నుంచి అవతలికి వాలి ఉండాలి, దారి ఉండాలి, లీజు ముగిసి ఉండాలి. పట్టా భూమి అయితే యజమానితో రాతపూర్వక ఒప్పందం, ప్రభుత్వ భూమి అయితే తహసీల్దారు ద్వారా దరఖాస్తు, గనుల శాఖ నుంచి లీజు లేదన్న కాగితం, గ్రామసభ తీర్మానం కావాలి. అంచుకు మూడు మీటర్లు వెనక, ఛాతీ ఎత్తుకు మించిన కంచె వేసి, చూడటానికి ఒకే ఒక చోటు వదలండి. నీళ్ళుంటే ముప్పై మీటర్ల తాడు, తేలే టైరు ఆ చోటే వేలాడదీయాలి.

గదికి పాత బడి గదో, మూతపడిన పంచాయతీ గదో సరిపోతుంది. లోపల మొదట పెట్టాల్సింది నమూనాల గోడ. మీ ఊరి ప్రతి పొర నుంచి అడుగు చదరం బండ, పక్కన గుంత సంఖ్య, ఆ పొర పేరు, దేనికి వాడేవాళ్ళో రాసి ఉంచండి. పిల్లలు ముట్టుకోవాలి, కాబట్టి అంచులు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయండి. దాని పక్కనే ఒక మీట నొక్కితే మంచి బండ, పగిలిన బండ శబ్దాలు వినిపించాలి. బోర్డుల్లో పనివాళ్ళ పేర్లు లీజుదారుల పేర్ల కన్నా చిన్న అక్షరాల్లో ఉండకూడదు.

ఏటా జనవరిలో ఇద్దరు సభ్యులు రిజిస్టరు పట్టుకొని ప్రతి వస్తువునూ చూసి టిక్కు పెట్టాలి. అదే రోజు హార్డ్‌డిస్కులు తెరిచి ప్రతి ఫోల్డరులో ఏదో ఒక ఫైలు ఆడించి చూడండి. హార్డ్‌డిస్కు ఐదేళ్ళకోసారి మార్చాలి. కార్యదర్శి మారితే తాళాలు, పాస్‌వర్డులు, సమ్మతి పత్రాల ఫైలు, దానపత్రాల ఫైలు ఇద్దరు సాక్షుల ముందు జాబితా ప్రకారం అప్పగించి, ఆ జాబితా మీద సంతకాలు తీసుకోండి.